సాల్మన్‌ని మింగుతున్నది సముద్రమా, డ్యాములా?

కొలంబియా_గట్టు:
సాల్మన్ చేప నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికే ఎదురీదుతుంది కదా. మొన్న పిల్లల్ని అమెరికాలో కొలంబియా నది మీదున్న బోనవిల్ డ్యాముకి తీసుకెళ్లాం. అక్కడ ఫిష్ ల్యాడర్ (చేపలు డ్యాము ఎక్కడానికి కట్టిన మెట్ల కాలువ) పక్కన అద్దం కిటికీ ఉంది, ఎదురీదే చేపల్ని ఒక్కోటీ లెక్కపెడతారు. ఒక చినూక్ (సాల్మన్‌లో ఒక రకం) వీపంతా గీసుకుపోయి తెల్లగా కనిపిస్తోంది, అయినా ఆగట్లేదు. కొలంబియాలో కలిసే స్నేక్ నది కింది భాగంలోని నాలుగు డ్యాములూ తీసేయాలని నా మాట. ఐడహోలో పుట్టిన చేపపిల్ల సముద్రం చేరాలంటే మొత్తం ఎనిమిది డ్యాములు దాటాలి. 1992లో అక్కడి రెడ్‌ఫిష్ సరస్సుకి తిరిగొచ్చిన సాకై (ఇంకో రకం సాల్మన్) ఒక్కటంటే ఒక్కటి!

పసిఫిక్_బాబాయ్:
డ్యాముల మీదకి తోసేయడం తేలికే. కెనడాలో ఫ్రేజర్ నది చూడండి, ప్రధాన నది మీద ఒక్క డ్యామూ లేదు. 2009లో కోటికి పైగా సాకై వస్తాయనుకుంటే వచ్చినవి 15 లక్షలదాకా. మరుసటి ఏడాది దాదాపు 2.8 కోట్లు! నది అదే కదా? చేపపిల్లలకి తిండయ్యే చల్లనీటి కోపెపాడ్‌లలో (రొయ్యల జాతి సూక్ష్మజీవులు) కొవ్వు ఉంటుంది. 2014-16లో పసిఫిక్ వేడెక్కి వాటి బదులు వెచ్చనీటివి వచ్చాయి. బియ్యం పోయి తవుడు మిగిలినట్టు. చేపపిల్ల ఏం తిని బతకాలి?

కొలంబియా_గట్టు:
ఫ్రేజర్ సంగతి నిజమే బాబాయ్ గారూ. మరి జాన్ డే నది? అదీ కొలంబియాలోకే వస్తుంది, దారిలో మూడు డ్యాములే. దిగేది అదే సముద్రంలోకి. కానీ స్నేక్ చినూక్ కంటే జాన్ డే చినూక్ మెరుగ్గా తిరిగొస్తున్నాయి. వెనకటికి మంచు కరిగిన వరదలో చేపపిల్లలు తోక ముందుకి పెట్టి కొట్టుకుపోయేవి. ఇప్పుడు చెరువులా నిలిచిన నీళ్లలో రోజులకి రోజులు ఈదాలి. అక్కడ నీరసించి సముద్రంలో చచ్చినవాటిని సముద్రం ఖాతాలో రాస్తున్నాం.

స్పొకేన్_సుబ్బు:
స్నేక్ నది ఒడ్డున ఉన్న లూయిస్టన్ నుంచి గోధుమలు బార్జిల (సరుకు పడవల) మీదే పోర్ట్‌లాండ్ వైపు వెళ్తాయి. డ్యాములు తీస్తే అదంతా లారీలకీ రైళ్లకీ పడుతుంది. ఆ డ్యాములిచ్చే కరెంటు ఇంక ఎక్కణ్నుంచి తెస్తారో కూడా చెప్పండి.

గోదారి_పిల్ల:
మా పులసకి ధవళేశ్వరం దగ్గరే దారి ఆగిపోతుంది కాబట్టి నా ఓటు గట్టు గారికే. కానీ సియాటిల్ వాగుల్లో వాన పడగానే కోహోలు (అవీ సాల్మన్‌లే) గుడ్లు పెట్టకుండానే చచ్చేవి. కారణం 2020లో బయటపడింది, టైర్ల అరుగుడులోంచి వచ్చే రసాయనం. డ్యామూ కాదు, సముద్రమూ కాదు, మన కారే!

పసిఫిక్_బాబాయ్:
జాన్ డే లెక్క కాదనలేను. అయినా సముద్రం బాగాలేని ఏళ్లలో ఆ చేపలూ తగ్గాయి. ఒరెగాన్, కాలిఫోర్నియాల్లో పారే క్లామత్ నది మీద నాలుగు డ్యాములు తీసేశాక 2024లోనే చినూక్ పైకెక్కాయి. వాటి పిల్లలు సముద్రం చూసి తిరిగొచ్చేది 2027, 28లో. అప్పుడు ఇదే థ్రెడ్‌లో మాట్లాడదాం.