ఈ రివ్యూయర్ మాట నమ్మి టికెట్లు కొనడం మానేయాలా?

కూకట్‌పల్లి కాపురం అడిగిన ప్రశ్న:

పన్నెండు పదమూడేళ్లుగా ఒకే ఒక రివ్యూయర్‌ని చదువుతున్నాను. పేరు చెప్పను. చెబితే ఇక్కడ అసలు సంగతి పోయి ఆయన ఏ హీరో మనిషి అన్న గొడవ మొదలవుతుంది. ఆయన ఐదుకి మూడు ఇస్తే వెళ్లడం, రెండున్నర ఇస్తే ఓటీటీకి వదిలేయడం, మా ఇంట్లో ఇదే లెక్క. అమ్మానాన్న, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను. మల్టీప్లెక్స్‌కి వెళితే టికెట్లూ పాప్‌కార్నూ కలిపి రెండున్నర వేలు దాటుతోంది, అందుకని ఎవరో ఒకరి మాట వినక తప్పదు.

2025 సంక్రాంతి దగ్గర మొదలైంది తంటా. 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాకి ఈయన 2.75 ఇచ్చి, కథ లేదు, సెకండాఫ్ లాగింది, టీవీలో వచ్చినప్పుడు చూసుకోవచ్చు అన్న ధోరణిలో రాశాడు. సరేనని ఆగాం. పిన్నులు, వాళ్ల కోడళ్లు, ఆఖరికి మా వాచ్‌మన్ కుటుంబం కూడా చూసొచ్చి అందులో పిల్లాడు బుల్లిరాజు కబుర్లు చెబుతుంటే మా అమ్మ మొహం చూడలేకపోయాను. మార్చి 1న జీ తెలుగులో వేస్తే అందరం కూర్చుని చూశాం. నాన్న నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, "దీన్నేనా నువ్వు బాలేదన్నది" అన్నారు.

అదే ఏడాది జూన్‌లో 'కుబేర'కి ఈయన 3.25 ఇచ్చాడు. ఈసారి తప్పు చేయకూడదని మొదటి వారమే అందరినీ తీసుకెళ్లాను. ధనుష్ బిచ్చగాడిగా చేసిన తీరు, నాగార్జున పాత్రలో ఆ నలిగిపోవడం, నాకైతే మూడు గంటలూ తెలియలేదు. పిల్లలు మాత్రం ఇంటర్వెల్‌లోనే ఇంటికెళదామన్నారు. అమ్మ పార్కింగ్ దగ్గర అన్న మాట: "డబ్బులిచ్చి మరీ మనసు పాడుచేసుకోవాలా నాన్నా?"

ఆయన లెక్క తప్పుతోందా, నాకు చదవడం రావట్లేదా? మీరు రివ్యూలు ఎలా చదువుతారు?

నేల టికెట్:

అన్నా, అంతా రాశావు గానీ అసలు ముక్క మింగేశావు. 'సంక్రాంతికి వస్తున్నాం' నాన్నకు నచ్చింది, పిన్నులకు నచ్చింది, వాచ్‌మన్‌కి నచ్చింది. నీకు నచ్చిందా?

మాజీ కలం కూలీ:

నేను ఒక వెబ్‌సైట్‌లో నాలుగేళ్లు రివ్యూలు రాశాను, మానేసి చాలా కాలమైంది కాబట్టి కొంచెం లోపలి సంగతి చెబుతా.

ముందు ఆ 2.75 గురించి. అది మార్కు కాదు, ఎక్కడా తగలకుండా నిలబడే చోటు. పెద్ద హీరో సినిమాకి రెండు ఇస్తే ఆ రాత్రే అభిమానులు అమ్మానాన్నల్ని లాగి తిడతారు, మర్నాడు ప్రకటనల వాళ్ల ఫోన్. మూడున్నర ఇచ్చి సినిమా పోతే అమ్ముడుపోయాడంటారు. అందుకని అందరం రెండున్నరకీ మూడుంపావుకీ మధ్య ఇరుక్కుని కూర్చునేవాళ్లం. నా ఎడిటర్ ఒకసారి నేనిచ్చిన రెండుంపావుని అడక్కుండానే రెండున్నర చేశాడు, రాసిన మాటలు మాత్రం ముట్టుకోలేదు. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేదొకటే, అంకె మూసేసి మాటలు చదవండి. అంకె మీద పదిమంది చేతులు పడతాయి, మాటలు ఎక్కువ భాగం రాసినవాడివే.

రెండోది, ఏ పూట చూశాడన్నది. డల్లాస్‌లో సాయంత్రం ప్రీమియర్ పడేసరికి మనకు తెల్లవారుతుంటుంది, లేదంటే 'గుంటూరు కారం', 'దేవర' లాంటి వాటికి ఇక్కడే అర్ధరాత్రి ఒంటిగంట ఆటలు వేశారు. నిద్ర లేదు, పక్కన కాగితాలు చించి ఎగరేసే కుర్రాళ్లు, ఇంటర్వెల్‌లో ఫస్టాఫ్ రిపోర్టు ఫోన్‌లో కొట్టి పంపాలి, బయటికొచ్చిన గంటలో పూర్తి రివ్యూ సైట్‌లో ఉండాలి. ఆ స్థితిలో ఇంటిల్లిపాదీ పండగనాడు చూసే కామెడీని ఎవడు మాత్రం సరిగ్గా కొలుస్తాడు చెప్పండి. కామెడీకి పక్కసీటు నవ్వు కావాలి. నా పక్కసీట్లో నాలాగే ఫోన్‌లో టైపు చేసుకునేవాడు ఉండేవాడు.

అలాగని రివ్యూలు ఆపేయాలన్న వాదన నాకు అసలు నచ్చదు. 2024 డిసెంబర్‌లో తమిళ నిర్మాతలు మొదటి మూడు రోజులు రివ్యూలు రాకూడదని మద్రాసు హైకోర్టుకి వెళ్లారు, కోర్టు ఆపలేమంది. 'పుష్ప 2' ముందురోజు రాత్రి ఆటకి మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేయడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చింది. అంత పెట్టి కొనేవాడు ఎలా ఉందని ముందే అడిగితే తప్పేంటి?

రెండో ఆట:

మాది గోదావరి జిల్లాలో చిన్న ఊరు, మావయ్యగారి థియేటర్ నేను చూసుకుంటాను. సింగిల్ స్క్రీనే. మా దగ్గర రివ్యూ ఎలా వస్తుందో చెబితే నవ్వుతారు. మార్నింగ్ షో ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర నిలబడతాను. సమోసా తింటూ సినిమా గురించి మాట్లాడుకుంటే ఒక లెక్క, ఫోన్ చూసుకుంటుంటే ఇంకో లెక్క. సెకండాఫ్ మొదలైన పావుగంటకి సైకిల్ స్టాండ్‌లో బండి స్టార్టయిన చప్పుడు వినబడిందా, ఇక ఆ సినిమాకి సోమవారం లేదని అర్థం.

2025 సంక్రాంతికి 10న 'గేమ్ ఛేంజర్', 12న 'డాకు మహారాజ్', 14న వెంకటేష్ 'సంక్రాంతికి వస్తున్నాం'. మూడింటికీ రివ్యూలు వచ్చాయి, మా ఊళ్లో ఒక్కరూ అవి చదివి రాలేదు. 15 నుంచి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో ఆడవాళ్లు దిగడం మొదలైంది, అల్లుళ్లు, కూతుళ్లు, చంకలో పిల్లలు. ఎక్స్‌ట్రా కుర్చీలు వేశాం. అలాంటి సినిమాకి రెండిచ్చినా నాలుగిచ్చినా తేడా ఉండదు.

కానీ చిన్న సినిమా దగ్గర మీ రివ్యూయర్లే మాకు దేవుళ్లు, ఇది కూడా చెప్పాలి. 'కోర్ట్' ఉంది కదా, పోస్టర్ మీద పెద్ద హీరో లేడు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు కథ. దాన్ని మా ఊళ్లో ఎవరు చూస్తారని నేనే అన్నాను. ముందుగా ప్రీమియర్లు వేశారు, రాసినవాళ్లంతా బాగుందన్నారు, పైగా ఇది నచ్చకపోతే నా 'హిట్ 3' చూడొద్దని దాని నిర్మాత నాని స్టేజీ మీదే అన్నాడు. రెండో రోజుకి కాలేజీ పిల్లలొచ్చారు, ఆదివారానికి వాళ్ల అమ్మానాన్నలొచ్చారు. శివాజీ చేసిన మంగపతిని తిట్టుకుంటూ బయటికొచ్చిన ఆడవాళ్లని నేను కళ్లారా చూశాను. 2024లో 'హనుమాన్' కూడా అంతే, 'గుంటూరు కారం' వచ్చిన రోజే వచ్చి, మొదట్లో థియేటర్లే సరిగా దొరక్కుండా, టాక్ మీద పెరిగిన సినిమా.

కాబట్టి కూకట్‌పల్లి గారూ, పండగ సినిమాకి రివ్యూ చదవకండి. మీ పిన్నికి ఫోన్ చేయండి.

గుత్తి వంకాయ:

పిన్నికి ఫోన్ చేయమనడం బాగానే ఉంది గానీ పిన్నులంతా ఒకేలా ఉండరండీ, నేనూ ఇద్దరికి పిన్నినే. నాకు 'సంక్రాంతికి వస్తున్నాం'లో పెళ్లాం, పాత ప్రేయసి కలిసి ఒక మగాడి చుట్టూ తిరుగుతూ కొట్టుకోవడం చూసి నవ్వు రాలేదు. బుల్లిరాజు ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్నాడన్నది జోకు. మా అక్క కొడుకు ఆ వారమంతా ఆ బూతుల్నే వల్లించాడు. నేను చదివిన మూడు రివ్యూల్లోనూ సెకండాఫ్ ల్యాగ్ అని ఉంది, ఎనిమిదేళ్లవాడితో వెళితే ఇంటికి ఏం మోసుకెళతారన్నది ఒక్కదాంట్లోనూ లేదు.

రాసేవాళ్లంతా మగవాళ్లే అయితే ల్యాగ్ అన్న మాట ఎక్కడ పడుతుందో చూడండి. రష్మిక 'ది గర్ల్‌ఫ్రెండ్' నెమ్మదిగా ఉందని నేను చూసే యూట్యూబ్ అబ్బాయి తేల్చేశాడు. ఆ అమ్మాయి ప్రియుడి ఇంటికెళ్లి వాళ్లమ్మ ఎదురుగా కూర్చునే సీన్ ఉంది. అంతకన్నా వేగంగా ఉంటే నాకు ఊపిరాడేది కాదు, మా హాస్టల్ మేట్ ఒకతి గుర్తొచ్చి.

నేను ఆ అబ్బాయిని మాత్రం వదలను. అతనికి నెమ్మదిగా అనిపించినవి నాకు పదిలో ఏడు నచ్చుతాయి, మాస్, జాతర అంటూ అతను ఊగిపోయినవి నేను గంట కూడా కూర్చోలేను. తిరగేసి చదువుకుంటే అంతకన్నా నమ్మకమైన మనిషి లేడు. ఇవాళ ఒకలా రేపు ఒకలా మాట్లాడేవాడితోనే ఇబ్బంది.

కూకట్‌పల్లి కాపురం:

అందరికీ థాంక్సండీ. నేల టికెట్ గారూ, నిన్న రాత్రంతా మీ మీద కోపంగా ఉంది, ఎందుకంటే సమాధానం నాకు తెలుసు. నచ్చలేదు. గోదారి గట్టు పాట వచ్చినప్పుడు హాయిగా ఉంది, రమణ గోగుల గొంతు మళ్లీ వినడం బాగుంది, మిగతా సమయమంతా నేను టీవీని కాదు, నాన్నని చూస్తూ కూర్చున్నాను. 'కుబేర' నాకు నచ్చింది. అంటే రెండుసార్లూ ఆయన నాకు సరిగ్గానే చెప్పాడు, మిగతా ఐదుగురికి ఆయన చెప్పలేదు, నేనే వాళ్ల తరఫున కూడా విన్నాను.

పాత రివ్యూలు కొన్ని తీసి, కలం కూలీ గారు చెప్పినట్టు అంకెల మీద వేలు పెట్టి చదివాను. పదమూడేళ్లలో ఆయన ఏ సినిమాకీ తను పిల్లలతో వెళ్లినట్టు రాయలేదు. ఒంటరిగా చూసే మనిషనుకుంటా.

ఇకనుంచి ఆయన మెచ్చినవాటికి నేనొక్కడినే సెకండ్ షోకి, 'రెండో ఆట' గారి పేరులాగే. ఇంట్లోవాళ్ల సినిమా అమ్మ చేతికిచ్చేశాను. ఈ ఆదివారానికి ఆవిడ అప్పుడే ఒకటి ఎంచింది, ఆయన దానికి రెండుంపావు ఇచ్చాడు. ఆరు టికెట్లు బుక్ చేశాను.

నేల టికెట్:

చూసొచ్చాక నీకెలా ఉందో రాయన్నా. నాన్న సంగతి తర్వాత.