పెరట్లో పాతిన జియోథర్మల్ పైపులు ఎక్కడున్నాయో కనుక్కోవడం ఎలా?

కొత్తిల్లు:
మేం కొన్న పాత ఇంట్లో నేలలోని వేడిని పైపుల ద్వారా లాగి ఇంటిని వెచ్చబరిచే హీట్ పంప్ ఉంది. పైపులు వేయించిన పెద్దాయన పోయారు. వాళ్లబ్బాయిని అడిగితే "పెరట్లోనే ఎక్కడో ఉన్నాయండీ" అన్నాడు, అంతే. ప్లాన్ కాగితం లేదు. గోడలోంచి రెండు నల్ల పైపులు బయటికొచ్చి మట్టిలోకి దిగిపోతున్నాయి. నేను పందిరికి ఆరు స్తంభాలు పాతాలి, ఒక్కోదానికి మూడడుగుల గుంత. మెటల్ డిటెక్టర్ అద్దెకు తెచ్చి రెండు గంటలు తిరిగితే ఒక తుప్పు కొడవలి దొరికింది. పార పట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

పైపులపని:
డిటెక్టర్‌కి దొరకవండి, అవి ప్లాస్టిక్ పైపులు. ముందు అడ్డంగా పరిచారా, నిలువు బోర్లు వేశారా తేల్చుకోండి. అడ్డంగా అయితే మామూలుగా 1 నుంచి 2 మీటర్ల లోతులో పెరడంతా పరుచుకుని ఉంటాయి. బోర్లయితే 100 మీటర్లు కూడా దిగుతాయి. కానీ బోరు నుంచి ఇంటికొచ్చే పైపులు పైపైనే ఉంటాయి, మీ గుంత లోతుకు అవీ తగలొచ్చు. కొందరు పైపు వెంట రాగి తీగ వేస్తారు. గోడ దగ్గర దాని కొస కనిపిస్తే మీ పంట పండినట్టే. కేబుల్ లొకేటర్ (తీగ జాడ పట్టే పరికరం) తగిలించి దారంతా ముగ్గు పోసుకోవచ్చు.

గునపం బాబాయ్:
నేను గునపంతోనే కనుక్కున్నాను, అందుకే ఈ పేరు. ఒక్క పోటుకి బుస్సుమని యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా చేసే మందు) కలిపిన నీళ్లు చిమ్మాయి, ప్రెజర్ పడిపోయి పంప్ ఆగిపోయింది. ముక్క కోసి అతికించడం గంట పని. లూపులో, అంటే ఆ పైపుల చుట్టులో చేరిన గాలి బయటికి పంపడానికే రోజంతా పట్టింది.

తర్వాత బుద్ధొచ్చి చలికాలం దాకా ఆగాను. పైపుల మీద మంచు ముందే కరుగుతుందనుకుంటారు చాలామంది. మా ఇంట్లో తిరగబడింది. పంప్ నేలలోంచి వేడి లాగేస్తుంది కదా, ఆ గీత వెంట గడ్డి మీద మంచు ఇంకో అరగంట తెల్లగా నిలిచింది. గోడ నుంచి నాలుగైదు అడుగుల దాకానే లెండి. లోతు పెరిగాక పైన ఏ తేడా కనపడలేదు. థర్మల్ కెమెరాకీ పై పొర వేడే తెలుస్తుంది.

ఇసకనేల:
రాడార్ స్కాన్ చేయించొచ్చు. పొడి ఇసక నేలలో ప్లాస్టిక్ పైపు కూడా బాగానే పడుతుంది. తడి బంకమట్టి అయితే డబ్బు దండగ, సిగ్నల్ లోపలికి దిగదు.

కొత్తిల్లు:
మాది బంకమట్టే, కాబట్టి రాడార్ జోలికి పోలేదు. గోడ దగ్గర తాపీతో గీకుతూ తవ్వాను. రెండడుగుల కింద, పైపులున్నాయని తెలియడానికి పాతే హెచ్చరిక టేపు ముక్క, ఇంకో అడుగు కింద పైపులు. అవి నేరుగా పెరట్లోకి పోకుండా ఎడమకి మళ్లాయి. తర్వాత గట్టి వాన పడితే అదే వరసలో నీళ్లు సన్నగా నిలిచాయి, పూడ్చిన కందకం కుంగిందన్నమాట. రెండు స్తంభాలు సరిగ్గా దాని మీదే పడేవి. వాటిని మీటరున్నర పక్కకి జరిపాను. పందిరి కాస్త వంకరగా వస్తోంది. మా ఆవిడకి నచ్చలేదు. గునపం మాత్రం అటకెక్కించేశాను బాబాయ్.