రీఫ్ ట్యాంకులో వారం వారం నీళ్ళు మార్చాల్సిందేనా?

పటమట_పగడం:
విజయవాడ నుంచి రాస్తున్నాను. 200 లీటర్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. కింద చిన్న సంప్ (నీళ్ళు శుభ్రమయ్యే రెండో తొట్టి), స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) ఉన్నాయి. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ. మిగతావన్నీ మెత్తని పగడాలే: జోయాంథిడ్లు, మష్రూములు, ఒక లెదర్. ప్రతి ఆదివారం 20 లీటర్లు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోస్తున్నాను. ఉప్పు బకెట్టు ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. ఆర్వో వదిలేసే నీళ్ళు చూసి మా అమ్మ రోజూ దెప్పుతూనే ఉంది. ఇంత చేసినా అద్దం మీదా ఇసుక మీదా గోధుమరంగు పొర తుడిచిన రెండు రోజులకే తిరిగి వస్తోంది. మేత, చేపల వ్యర్థాల వల్ల చేరే నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని) దగ్గర ఉన్నాయి. నీళ్ళు మార్చడం నిజంగా తప్పనిసరా? మానేసినవారు ఉంటే మీ ట్యాంకు ఎలా నడుస్తోందో చెప్పండి.

అరండల్‌పేట_అక్వా:
నేను మానేసినవాడినే. గుంటూరు. మీలాగే మెత్తని పగడాలు, చేపలు తక్కువ, మేత ఇంకా తక్కువ. సంప్‌లో ఒక అరలో కీటో నాచు పెంచుతున్నాను. రాత్రిపూట దానికి లైటు వేస్తాను. నైట్రేట్, ఫాస్ఫేట్ అది తిని పెరుగుతుంది, పెరిగినంత పీకి పారేస్తాను. నా దృష్టిలో నీళ్ళు మార్చడమంటే అదే. తీసేయాల్సింది చెత్తను, నీళ్ళను కాదు. జర్మనీ వారి ట్రైటాన్ పద్ధతి కూడా ఇదే దారిలో నడుస్తుంది: నాచు, ప్రయోగశాల పరీక్ష, తగ్గిన మూలకాలను చుక్కలుగా పోయడం. నీళ్ళు మార్చరు.

ఇంట్లో_సముద్రం:
తమ్ముడూ, నువ్వు చెప్పేది అనుభవం ఉన్నవారికి. కొత్తవాళ్ళు ఇది చదివి బకెట్టు మూలన పడేస్తారు, నెల తిరగకుండా చేపల్ని కాలవలో పారేస్తారు. నేను పదిహేను రోజులకొకసారి మారుస్తాను, మానే ఉద్దేశం లేదు. ఇసుకలో పేరుకున్న మట్టిని పైపుతో లాగడానికి అది ఎలాగూ కావాలి.

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఒకే పని గురించి మాత్రం కాదు. నీళ్ళు మార్చినప్పుడు రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. ఒకటి చెడును పలచన చేయడం, రెండోది తగ్గినవాటిని నింపడం. రెండింటిలోనూ ఈ పద్ధతి మనం అనుకున్నంత బలమైనది కాదు. కాగితం మీద లెక్క వేసి చూడండి.

మీ ట్యాంకులో వారానికి నైట్రేట్ 5 పీపీఎం పెరుగుతోందనుకుందాం. వారానికి 10 శాతం నీళ్ళు మారిస్తే ఉన్న నైట్రేట్‌లో పదోవంతు మాత్రమే పోతుంది. అంటే అది పెరుగుతూ పోయి, మార్చేముందు 50, మార్చాక 45 దగ్గర కుదురుకుంటుంది. అక్కడికి చేరాక తీసేది వారానికి 5, వచ్చేది 5. ఇంకెన్నేళ్ళు మార్చినా అంతకంటే దిగదు. 20 శాతం మారిస్తే 25కి, 20కి మధ్య ఆగుతుంది. పప్పుచారులో ఉప్పు ఎక్కువైందని గరిటెడు నీళ్ళు కలుపుతూ, మరోచేత్తో ఉప్పు వేస్తూ ఉంటే ఏమవుతుందో అదే. పటమట గారి ట్యాంకులో నైట్రేట్ 10 దగ్గర ఆగిందంటే ఆ ఘనత ఆదివారం బకెట్టుది కాదు. చాలావరకు రాళ్ళలోని బాక్టీరియా, స్కిమ్మర్ చేసిన పని అది.

ఇక నింపడం. గట్టి పగడాలున్న ట్యాంకులో ఆల్కలినిటీ (పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బనేట్ల కొలత, యూనిట్ డీకేహెచ్) రోజుకు అర డీకేహెచ్ ఖర్చవడం మామూలే. వారానికి మూడున్నర. 9తో మొదలైనది 5.5కి దిగిన ట్యాంకులో, 9 ఉన్న కొత్త నీళ్ళు 10 శాతం పోస్తే పెరిగేది 0.35 మాత్రమే. కాల్షియం కూడా దానితోపాటే ఖర్చవుతుంది: ప్రతి 2.8 డీకేహెచ్‌కు దాదాపు 20 పీపీఎం. కాబట్టి గట్టి పగడాలున్నవారు బకెట్టును నమ్ముకోలేరు, విడిగా పోయాల్సిందే. మెత్తని పగడాల వాడకం చాలా తక్కువ, అక్కడ బకెట్టే సరిపోవచ్చు.

అరండల్‌పేట_అక్వా:
చూశారా, మాస్టారు నా పక్షమే!

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
తొందరపడకండి. పరీక్షలో దొరకనివి కూడా నీళ్ళలో ఉంటాయి. లెదర్ పగడాలు పక్కవాటిని ఎదగనీయకుండా టెర్పీన్లు అనే రసాయనాలు వదులుతాయి. మన దగ్గరున్న ఏ కిట్టుకూ అవి దొరకవు. వాటిని పీల్చే బొగ్గు, అదే యాక్టివేటెడ్ కార్బన్, మీరు వాడుతున్నారా?

అరండల్‌పేట_అక్వా:
వాడుతున్నానండి, నెలకొకసారి మారుస్తాను. అది లేకపోతే లెదర్ పక్కనున్న జోయాంథిడ్లు ముడుచుకుంటాయి. ఏడాదికొకసారి నీళ్ళు విదేశీ ప్రయోగశాలకు పంపి ఐసీపీ పరీక్ష (నీళ్ళలోని మూలకాలను విడివిడిగా కొలిచేది) చేయిస్తాను. కిందటిసారి అయోడిన్ తక్కువని వచ్చింది, మిగతావి మామూలే.

కానూరు_నానో:
ఐసీపీ ఖర్చుకు ఎంత ఉప్పు వస్తుందో ఎవరైనా లెక్క కట్టారా? మాది 40 లీటర్ల ట్యాంకు. వారానికి 4 లీటర్లు మారుస్తాను, పది నిమిషాల పని. చిన్న ట్యాంకు ఉన్నవారికి ఈ చర్చే అనవసరం.

కొత్త_ఈత:
అడగొచ్చో లేదో. గుంటూరు నుంచి సూర్యలంక బీచ్ ఎంతో దూరం కాదు కదా. క్యాన్లలో సముద్రపు నీళ్ళే తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు తప్పుతుంది. అక్కడే నాలుగు రాళ్ళు కూడా ఏరుకోవచ్చా?

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
ఒడ్డున దొరికే నీళ్ళలో ఇసుక, మట్టి, ఇంకా ఏవేమిటో ఉంటాయి. అంతకంటే పెద్ద చిక్కు ఉప్పుశాతం. మన తీరానికి కృష్ణ, గోదావరి నీళ్ళు వచ్చి చేరతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ నదుల మంచినీటిని మన ఒడ్డు పొడవునా మోసుకొస్తుంది. రీఫ్‌కు కావలసింది లీటరుకు 35 గ్రాముల దగ్గర. అక్కడ ఆ కాలంలో అంత ఉండదు. తెచ్చినా రిఫ్రాక్టోమీటరుతో కొలిచి, వడగట్టి, ఉప్పు కలిపి సరిచేయాలి. ఇక ఖర్చు తగ్గిందెక్కడ?

రాళ్ళ జోలికి అసలు వెళ్ళకండి, వాటిలో పగడాలుంటే చిక్కు. రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు), నల్ల పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2001లో చేర్చారు. సముద్రం నుంచి తీసుకురావడం నేరం. దుకాణంలో కొన్నా కాగితాలు అడిగి తీసుకోండి.

సింగ్‌నగర్_మూడో_అంతస్తు:
నీళ్ళు మార్చడం వల్ల నాకు ఒరిగింది ఎవరూ చెప్పని లాభం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధి మునిగింది. మూడో అంతస్తు కాబట్టి ట్యాంకుకు ఏమీ కాలేదు కానీ కరెంటు రోజుల తరబడి లేదు. ఇన్వర్టరు మొదటి రాత్రే చల్లారింది. బ్యాటరీ మీద నడిచే గాలి పంపు ఒక్కటే పెట్టాను. చేపలకు మేత పూర్తిగా ఆపేశాను. రెండో రోజుకు అమోనియా కనిపించింది. వారం వారం మార్చే అలవాటు వల్ల ఇంట్లో కలిపి పెట్టిన ఉప్పునీళ్ళ డ్రమ్ము సిద్ధంగా ఉంది. రోజూ కొంచెం కొంచెం మార్చుతూ వచ్చాను. శుభ్రం చేసే రొయ్య పోయింది. చేపలు, జోయాంథిడ్లు నిలబడ్డాయి. తాగే నీళ్ళకే పడవ కోసం చూస్తున్న రోజుల్లో ఆర్వో నీళ్ళు ఎక్కడి నుంచి తేను?

అరండల్‌పేట_అక్వా:
అన్నా, అది డ్రమ్ము గొప్ప, వారం వారం మార్చడం గొప్ప కాదు. నేనూ ఒక డ్రమ్ము కలిపి ఉంచుతాను.

సింగ్‌నగర్_మూడో_అంతస్తు:
అలవాటు లేనివాడు డ్రమ్ము ఎందుకు నింపుతాడు తమ్ముడూ? నీలాంటివారు వెయ్యిలో ఒకరు.

ఇంట్లో_సముద్రం:
పటమట గారూ, అసలు మీ గోధుమరంగు పొర సంగతి అందరూ మరిచిపోయారు. ఎండకు ఎగిరిపోయిన నీళ్ళ స్థానంలో ఏ నీళ్ళు పోస్తున్నారు? మే నెలలో ఫ్యాను పెడితే మీ సైజు ట్యాంకు రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతుంది.

పటమట_పగడం:
వంటింటి ఆర్వో నీళ్ళేనండి. కొత్త ఉప్పునీళ్ళకు వాడేదీ అదే. తాగే నీళ్ళు కదా, శుభ్రంగానే ఉంటాయి.

ఇంట్లో_సముద్రం:
తాగడానికి శుభ్రం, పగడాలకు కాదు. ఇంటి ఆర్వోలలో చాలావాటికి టీడీఎస్ (నీళ్ళలో కరిగినవాటి మొత్తం) సర్దే మర రుచి కోసం కొంత మామూలు నీటిని వెనక్కి కలుపుతుంది. కొన్నిట్లో ఖనిజాల గొట్టం ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని రాగి గొట్టం కూడా పెట్టి అమ్ముతున్నారు. రాగి మనిషికి ఏమి చేస్తుందో కానీ రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషమే. మీ నీళ్ళ టీడీఎస్ కొలిచి చెప్పండి.

పటమట_పగడం:
పక్కింటివారి పెన్ను మీటరు తెచ్చి కొలిచాను. 110. వెనక మూత తీసి చూస్తే సర్దే మర ఉంది, ఖనిజాల గొట్టం కూడా. రాగి గొట్టం మాత్రం లేదు.

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
110 అంటే లీటరుకు 110 మిల్లీగ్రాములు. రోజుకు 5 లీటర్లు పోస్తే అర గ్రాము పైన, ఏడాదికి దాదాపు 200 గ్రాములు. నీళ్ళు ఆవిరైపోతాయి, కరిగినవి మిగిలిపోతాయి. వాటిలో సిలికేట్ ఉంటే మీ పొర కట్టే సూక్ష్మ నాచుకు, అంటే గోధుమరంగు డయాటమ్‌లకు అది మేత. ఆదివారం మీరు తీసేది పదోవంతు, పైగా పోసే 20 లీటర్లతోనూ అదే సరుకు లోపలికి వస్తోంది. నీళ్ళు ఎన్నిసార్లు మార్చారన్నది తరువాతి మాట, ఏ నీళ్ళు పోశారన్నది ముందు చూడాలి. ఖనిజాల గొట్టం తీసి, సర్దే మర మూసి, చివర డీఐ రెసిన్ గొట్టం (మిగిలిన లవణాలను కూడా లాగేసేది) ఒకటి తగిలించండి. మీటరు సున్నా చూపించాలి. అది తాగే కుళాయికి కలవకుండా విడిగా పెట్టుకోండి.

కానూరు_నానో:
రెసిన్ తొందరగా అయిపోతుంది జాగ్రత్త. ఆర్వో నుంచి వచ్చేది ఎంత తక్కువ టీడీఎస్ ఉంటే అది అంత ఎక్కువ కాలం వస్తుంది. వృథా నీళ్ళు మీ అమ్మగారికి ఇవ్వండి, ఇల్లు తుడవడానికి వాడతారు.

అరండల్‌పేట_అక్వా:
పటమట గారూ, పొర పోయాక కూడా వెంటనే బకెట్టు మానకండి. ఇది నేనే చెబుతున్నాను. ముందు పదిహేను రోజులకు, తరువాత నెలకు జరపండి. ఆల్కలినిటీ, నైట్రేట్, ఫాస్ఫేట్ రాసి పెట్టుకోండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు దిగితే సంబరపడకండి. డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు, జిగురు పొర కట్టే సూక్ష్మజీవులు) ఎక్కువగా అలాంటప్పుడే దాపురిస్తాయి, వాటి ముందు ఈ గోధుమ పొర నయం.

ఇంట్లో_సముద్రం:
ఇంకొకటి. కొన్ని ఉప్పులు కలిపితే 11, 12 డీకేహెచ్ వస్తుంది. ట్యాంకు 7.5 ఉన్నప్పుడు 11.5 నీళ్ళు 20 శాతం పోస్తే ఒక్క గంటలో 0.8 ఎగురుతుంది. మెత్తని పగడాలు ఓర్చుకుంటాయి, రేపు గట్టివి పెడితే కొసలు కాలతాయి. కొత్త నీళ్ళు రాత్రంతా పంపుతో తిప్పి, వేడి, ఉప్పుశాతం సరిపోల్చి పోయండి.

పటమట_పగడం:
రెసిన్ గొట్టం ఆర్డరు పెట్టాను. అది వచ్చేదాకా ఆదివారం 20 లీటర్లు ఆపాలా, కొనసాగించాలా?

ఇంట్లో_సముద్రం:
కొనసాగించండి.

అరండల్‌పేట_అక్వా:
110 టీడీఎస్ నీళ్ళతోనా? ఆపండి.

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
రెసిన్ వచ్చేలోపు ఒక వారం మార్చకపోతే ఏమీ కాదు. ఆవిరైనదానికి మాత్రం ఎక్కడైనా మంచి ఆర్వో నీళ్ళు దొరికితే వాడండి. క్యాను నీళ్ళు కొంటే ఇంటికి తెచ్చాక కొలవకుండా పోయకండి, చాలా ప్లాంట్లు ఖనిజాలు కలిపే అమ్ముతాయి.