అప్‌డేట్: ఇంటర్వ్యూలో బిగుసుకుపోయే మా డిగ్రీ విద్యార్థులు

పాలకొల్లు దగ్గరి మా డిగ్రీ కళాశాలలో ఆఖరి సంవత్సరం విద్యార్థులు మాక్ (సాధన కోసం జరిపే) ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే బిగుసుకుపోతున్నారని, వారికి ముందుగా ఇంగ్లీషు వ్యాకరణం నేర్పాలా అని గత నెలలో ఇక్కడ అడిగాను. ముందు తెలుగులోనే మాట్లాడించమని ఎక్కువమంది చెప్పారు. నాకు పూర్తిగా నమ్మకం కుదరకపోయినా అలాగే చేశాను.

ఇంట్లో జరిగే పనిని రెండు నిమిషాల్లో వివరించమన్నప్పుడు, అంతవరకు పేరు చెప్పడానికే తడబడిన ఒక అబ్బాయి, రొయ్యల చెరువు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుందని, అందుకే రాత్రంతా ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పుతూ, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతామని ఎక్కడా ఆగకుండా చెప్పాడు. దానినే సమస్య, తాను చేసిన పని, ఫలితం అనే వరుసలో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాయించాను. మూడోసారికి కాగితం చూడకుండా చెప్పగలిగాడు. రెజ్యూమేలో "కష్టపడే స్వభావం" తీసేసి, రెండు పంటలకు చెరువు లెక్కలు రాసిన సంగతి పెట్టుకున్నాడు. (అంతకుముందు తరగతిలోని రెజ్యూమేలన్నీ ఒకే జిరాక్స్ షాపులో పుట్టినవే.)

గ్రూప్ డిస్కషన్ మాత్రం ఇంకా కుదరలేదు. ఇద్దరు మాట్లాడితే పదిమంది వింటున్నారు. వచ్చే వారం నుంచి నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి, ముందు మాట్లాడినవారి వాదనను ఒక వాక్యంలో చెప్పిన తరువాతే తమ మాట మొదలుపెట్టాలనే నియమం పెట్టబోతున్నాను.