పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయాలంటే కాయిల్ వైరు మార్చాలా?

పాతట్రక్కు_66
బండి 1966 ఫోర్డ్ ఎఫ్-100. 240 ఆరు సిలిండర్ల ఇంజను, 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్. కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్ల గ్యాప్ ఎన్నిసార్లు సరిచేసినా కొన్నాళ్లకే టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనక్కి పోతోంది. డిస్ట్రిబ్యూటర్ లోపలే కూర్చునే అయస్కాంతం రింగు, మాడ్యూల్ (పాయింట్ల బదులు పనిచేసే ఎలక్ట్రానిక్ స్విచ్చి) ఉన్న కిట్ వేద్దామనుకుంటున్నా. ఎరుపు, నలుపు రెండే వైర్లు. ఎరుపు వైరుకు పూర్తి 12 వోల్టులు ఇవ్వాలని కిట్ కాగితంలో ఉంది. కీ ఆన్ చేసి కాయిల్ ప్లస్ దగ్గర మీటర్ పెడితే 12.6 చూపిస్తోంది. మరి ఎరుపు వైరు అక్కడే తగిలించేయొచ్చా? కాయిల్ కూడా మార్చాలా?

ఎర్త్‌వైరు
ఆ 12.6ను నమ్మకండి. మీరు మీటర్ పెట్టిన క్షణంలో పాయింట్లు తెరుచుకుని ఉన్నట్టున్నాయి. అప్పుడు కాయిల్లో కరెంటు పారదు. కరెంటు పారకపోతే దారిలో ఎంత రెసిస్టెన్స్ ఉన్నా వోల్టేజి తగ్గదు, మీటర్ బ్యాటరీ వోల్టేజినే చూపిస్తుంది. ఆ కాలపు ఫోర్డుల్లో కీ స్విచ్చి నుంచి కాయిల్‌కు వచ్చే దారిలో రెసిస్టెన్స్ వైరు ఉంటుంది, మామూలుగా గులాబీ రంగుది. విడిగా బిగించే పింగాణీ రెసిస్టెన్స్ (బ్యాలస్ట్) లా బయటికి కనపడదు, హార్నెస్‌లో దాక్కుని ఉంటుంది. అందుకే చాలామంది లేదనుకుంటారు.

కాయిల్ మైనస్‌ను ఒక ముక్క వైరుతో ఎర్త్‌కు కలిపి, కీ ఆన్ చేసి, ప్లస్ దగ్గర మళ్లీ చూడండి. కొన్ని సెకన్లలో ముగించి కీ తీసేయండి, లేకపోతే కాయిల్ కాగిపోతుంది. తర్వాత కాయిల్ వైర్లు విప్పి, ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య ఎన్ని ఓమ్‌లో కొలవండి. ఆ రెండు అంకెలు పెట్టండి.

గ్రీజుడబ్బా
కిట్ కంటే ముందు పాత జబ్బు చూసుకోండి. పాయింట్లలో, షాఫ్ట్ మీద తిరుగుతూ వాటిని తెరిచే క్యామ్‌ను రాసుకునే ఫైబర్ ముక్క అరిగితే గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. క్యామ్ మీద గ్రీజు ఎండిపోతే ఆ ముక్క త్వరగా అరుగుతుంది. అగ్గిపుల్ల తలంత డిస్ట్రిబ్యూటర్ గ్రీజు చాలు. ఎక్కువ పూస్తే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది, అది ఇంకో తలనొప్పి.

రోటర్ పట్టుకుని షాఫ్ట్‌ను పక్కలకు ఊపి చూడండి. చేతికి ఆట తెలిసిందంటే షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్ పోయినట్టే. కిట్ పాయింట్ల కంటే కాస్త ఓర్చుకుంటుంది గానీ స్పార్కు మాత్రం ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. కిట్ వేస్తే ఇంజను బలం పెరుగుతుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. మాటిమాటికీ గ్యాప్ సరిచేసే పని తప్పుతుంది, అంతే.

పాతట్రక్కు_66
షాఫ్ట్‌లో ఆట లేదు. కాయిల్ 1.5 ఓమ్‌లు. మైనస్‌ను ఎర్త్ చేస్తే ప్లస్ దగ్గర 6.4 వోల్టులే!

ఎర్త్‌వైరు
లెక్క సరిపోయింది. 6.4ను 1.5తో భాగిస్తే దాదాపు 4.3 ఆంపియర్లు. మిగతా 6.2 వోల్టులు వైరే తింటోంది, అంటే అందులో 1.45 ఓమ్‌లు. ఎరుపు వైరును కాయిల్ ప్లస్‌కు తగిలిస్తే మాడ్యూల్ ఆ సగం వోల్టేజితో బతకాలి. స్టార్టవుతుంది, ఎందుకంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు ఫెండర్ మీది స్టార్టర్ రిలేలో ఐ (I) టెర్మినల్ నుంచి రెసిస్టెన్స్ లేని కరెంటు వస్తుంది. కీ వదిలాక మిస్సింగ్ మొదలవుతుంది, లేదా అక్కడికక్కడే ఆగిపోతుంది. జనం మాడ్యూల్‌ను తిట్టుకుని ఇంకోటి కొంటారు.

అలాగని రెసిస్టెన్స్ తీసేసి ఇదే కాయిల్‌కు 12 ఇస్తే 8 ఆంపియర్లు లాగుతుంది, మాడ్యూల్ కాలిపోతుంది. కాబట్టి 3 ఓమ్‌ల కాయిల్ వేయండి, 4 ఆంపియర్లలో ఉంటుంది. గులాబీ వైరును కోయనక్కర్లేదు. మామూలు నాలుగు కాళ్ల రిలే ఒకటి తీసుకుని, ఇప్పుడు కాయిల్ ప్లస్‌కు ఉన్న వైరు కొసను అలాగే రిలే మీద 86 అని రాసి ఉన్న కాలికి మార్చండి. 85 ఎర్త్‌కు. 30కి బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజుతో వైరు. 87 నుంచి కాయిల్ ప్లస్‌కూ మాడ్యూల్ ఎరుపు వైరుకూ. రిలే చుట్ట లాగేది 0.15 ఆంపియర్లే కాబట్టి గులాబీ వైరులో పోయేది దాదాపు 0.2 వోల్టులే. ఐ టెర్మినల్ వైరు కూడా ఆ కొసలోనే కలిసి ఉంటుంది, దాన్ని విడదీయకండి.

ఆరు_సిలిండర్లు
బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి రాస్తున్నా.

పాయింట్ల స్క్రూలు విప్పేముందు స్క్రూడ్రైవర్ కొసకు కాస్త గ్రీజు అద్దండి. స్క్రూ జారి లోపల పడిందంటే డిస్ట్రిబ్యూటర్ మొత్తం ఊడదీయాల్సిందే. పాయింట్లతో పాటు ఉండే కండెన్సర్ ఇక అక్కర్లేదు. రింగును క్యామ్ మీద చివరిదాకా నొక్కండి. పైకి లేచి ఉంటే రోటర్ సరిగా కూర్చోదు, క్యాప్‌ను గీకుతుంది. రింగుకూ మాడ్యూల్‌కూ మధ్య గ్యాప్ కిట్ కాగితం చెప్పినంత. చాలా కిట్లలో 0.030 అంగుళం, అంటే 0.76 మి.మీ.

అందరూ వదిలేసేది డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు కూర్చునే ప్లేటు ఎర్త్. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజను పీల్పుతో టైమింగ్‌ను ముందుకు జరిపేది) లాగినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, దాన్ని బాడీకి కలిపే చిన్న జల్లి వైరు ఏళ్ల తరబడి మడతపడి లోపల తెగిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. ప్లేటుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటర్ పెట్టి ప్లేటును వేలితో కదపండి. 0.2 ఓమ్‌లు దాటినా, అంకె ఎగిరిపడినా ఆ వైరు మార్చండి.

ప్లగ్ వైర్లు లోపల ఒట్టి రాగి తీగవైతే మార్చేయండి. వాటి రేడియో రొదకు మాడ్యూల్ తికమకపడుతుంది. కార్బన్ గానీ స్పైరల్ గానీ ఉండాలి. ఎరుపు, నలుపు తారుమారైతే మాడ్యూల్ క్షణంలో పోతుంది. ఇంజను ఆపి, పాటలు వింటూ కీ ఆన్‌లో వదిలేయడం కూడా వద్దు.

టైమింగ్ మళ్లీ మొదటినుంచి పెట్టాలి, పాతది పనికిరాదు. వాక్యూమ్ గొట్టం ఊడదీసి, మూసి, ఐడ్లింగ్‌లో టైమింగ్ లైటుతో మాన్యువల్ అంకెకు తెండి. ప్లగ్ గ్యాప్ ప్రస్తుతానికి కదపకండి.

గ్రీజుడబ్బా
తీసిన పాయింట్లూ కండెన్సరూ పారేయొద్దు. స్క్రూలతో సహా ఒక డబ్బాలో వేసి బండిలోనే ఉంచండి. 3 ఓమ్‌ల కాయిల్ ఉంది కాబట్టి దారిలో మాడ్యూల్ పోయినా వైరింగ్ ముట్టుకోకుండా పాయింట్లు తిరిగి బిగించొచ్చు. గ్యాప్ పెట్టడానికి ఫీలర్ గేజ్ కూడా ఆ డబ్బాలోనే వేయండి.