సమస్య: "తల్లి చీలి రెండు తల్లులయ్యె"

అమలాపురం మాస్టారు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడూ మీరే పూరించాలి. బడిలో కణవిభజన చెబుతుంటే నోటికొచ్చింది. అలాగని సైన్సే రాయక్కర్లేదు.

యానాం ఒడ్డు:
ఆనకట్ట దాటి యావల పారిన
పాయ గౌతమి యొకపక్కగాను,
వేరు దిక్కుకేగె వేగ వశిష్ఠయు;
తల్లి చీలి రెండు తల్లులయ్యె.

మాస్టారు: భేష్. 'వేగ' మాత్రం యతి కోసం పిలవని పేరంటానికొచ్చింది. మా వైపు గోదారి పాయ వైనతేయ అలుగుతుందేమో చూసుకోండి.

పాలకొల్లు కుర్రాడు:
పోగులన్నిటికిని పొందుగా ప్రతి తీసి
నలుబదారటు నిటు నలుబదారు
పంచి గోడ కట్టి పక్కకు జరిగిన
తల్లి చీలి రెండు తల్లులయ్యె.

కడియం నర్సరీ: తమ్ముడూ, నీ పోగులు, అదే కణంలోని క్రోమోజోములు, 46 అంటే మనిషి. మనిషి కణానికి గోడెక్కడిది? నడిమధ్య మొదలెట్టి అంచుల దాకా గోడ కట్టేది మొక్క కణం. మనది నడుము దగ్గర నొక్కుకుపోయి విడిపోతుంది. వరి అయితే 24 అనాలి.

పాలకొల్లు కుర్రాడు: ఆయ్, నిజమే. 'పంచి నడుము నొక్కి' అని మార్చాను. గణం చెడలేదు కదండీ?

మాస్టారు: లేదు. 'నడుము' మూడు లఘువులు, సూర్యగణమే.

రాజోలు మేడం:
సగము పోగులున్న సంతానమే నాల్గు
పువ్వులోన పుట్టె పుప్పొడిగను;
ఏమి చూచి మీర లీమాట పలికిరో
"తల్లి చీలి రెండు తల్లులయ్యె"?

మాస్టారు: ఇది పూరణా, పోట్లాటా మేడం? పోగులు సగమయ్యే ఈ క్షయకరణ విభజనలోనూ మొదటి విడతకి రెండే కణాలుగా.

రాజోలు మేడం: రెండే. కానీ జతలు విడిపోయి వరిలో 24 కాస్తా 12 అయ్యాక, అవి తల్లులెలా అవుతాయండీ? పైగా విడిపోకముందే జతలోవి ముక్కలు మార్చుకుంటాయి. రెండో విడతలో, తల్లి అచ్చులు రెండు పుట్టే సమవిభజన లాగే చీలి నాలుగవుతాయి. ఏదీ తల్లి అచ్చు కాదు.

కడియం నర్సరీ: అందుకే మామిడి టెంక మొలిపిస్తే అదే రుచి వస్తుందని మేం మాటివ్వం. అంటుకైతే ఇస్తాం. అంటుకొమ్మ పెరిగేది సమవిభజనతోనే.

రావులపాలెం అరటి:
గింజ లేకయున్న కీడేమి యరటికి
దుంప నుండి పిలక తొంగిచూచె,
లంకతోటలోన లావుగా పెరుగంగ
తల్లి చీలి రెండు తల్లులయ్యె.
మా చక్కెరకేళీకి క్రోమోజోములు రెండేసి కాదు, మూడేసి చొప్పున 33. జతలు కుదరవు, క్షయకరణ విభజన సరిగ్గా సాగదు, గింజ పట్టదు.

పాలకొల్లు కుర్రాడు: పిలక పుట్టింది సరే, తల్లి చీలిందెక్కడండీ?

రావులపాలెం అరటి: దుంపలో కణాలు చీలకుండానే పిలకొచ్చిందేంటి?

మాస్టారు: చెల్లుతుంది. 'లావుగా' ఒక్కటే పంటి కింద రాయి. నా ఓటు మాత్రం మేడం పోట్లాటకే.

రావులపాలెం అరటి: మరి గెల పంపమంటారా, వద్దా?