రాతిపువ్వు కషాయం తాగితే మోకాళ్ల వాపు దిగుతదా?

కృష్ణాతీరం: బిర్యానీలో వేసే రాతిపువ్వును మరగబెట్టి తాగితే మోకాళ్ల వాపు తగ్గుతదని మిర్యాలగూడ దిక్కు వాట్సాప్‌లో తిరుగుతున్నది. ఉత్త మాటని కొట్టెయ్యొద్దు. కారాజీనన్ సూదితో ఎలుకల పాదాలకు తెప్పించిన వాపును లైకెన్లలో (శిలీంధ్రం, నాచు కలిసి బండల మీద, చెట్ల మీద పెరిగేవి; రాతిపువ్వూ అదే) దొరికే అస్నిక్ ఆమ్లం తగ్గించింది. లైకెన్లలోనే ఉండే అట్రనోరిన్ అయితే వాపు పుట్టించే కాక్స్ ఎంజైములను అడ్డుకుంటది.

పాలమూరు ల్యాబ్: గుణం ఉన్నది అన్నా, కాదనను. కషాయంలోకి దిగుతదా అన్నదే పంచాయితీ. ఆ రెండూ నీళ్లలో దాదాపు కరగవు, అసిటోన్ లాంటి ద్రావణి కావాలె. మరిగిస్తే నీళ్లలోకి వచ్చేది ఎక్కువగా జిగురు పిండిపదార్థమే. మిథనాల్‌లో కాచినా చిక్కే: అట్రనోరిన్ విరిగిపోతది, మనం పరీక్షించేది దాని ముక్కలను.

ఇగ మోతాదు. ఎలుకకు ఇచ్చింది కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల అస్నిక్. ఎలుక మోతాదును మనిషికి మార్చే లెక్క ప్రకారం 6.2తో భాగిస్తే మనిషికి కిలోకు 16, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 970 మిల్లీగ్రాములు. రోజుకు 300–600 మిల్లీగ్రాముల అస్నిక్ పడే బరువు తగ్గించే మాత్రలతో కాలేయాలు దెబ్బతిన్నయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2001లో హెచ్చరించింది. వాటిలో వేరే మందులూ కలిసి ఉన్నయి, అయినా నాకు భయమే.

అమ్రాబాద్ గుట్ట: అస్నిక్ పాపాన్ని రాతిపువ్వు నెత్తిన రుద్దకండి. అది గడ్డంలా వేలాడే అస్నియా అనే లైకెన్‌లో ఎక్కువ. రాతిపువ్వంటే ముఖ్యంగా పార్మోట్రీమా అనే లైకెన్, దాంట్లో ఉండేది అట్రనోరిన్.

పాలమూరు ల్యాబ్: ఆ మాట నిజం, ఒప్పుకుంట. కాని దుకాణం ప్యాకెట్‌లో ఒక్క జాతే ఉంటదా? 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి చూడండి. పైపొర పసుపైతే అట్రనోరిన్. ముక్కను గీకి లోపలి తెల్లపొర మీద వేస్తే, పసుపై కాసేపటికి ఎర్రబడితే సలాజినిక్ అనే వేరే లైకెన్ ఆమ్లం కావచ్చు. ఒకే పొట్లంలో ముక్కకో రంగు వస్తే, గుప్పెడు తీసి మరిగించినోళ్లు ఏం తాగినట్టు?

కృష్ణాతీరం: మరి ల్యాబ్‌లో కణాల మీద వేస్తే, వాపున్నప్పుడు పెరిగే నైట్రిక్ ఆక్సైడ్‌ను లైకెన్ సారం తగ్గించిందన్న ఫలితాలు?

పాలమూరు ల్యాబ్: పక్కన కణాలు బతికున్నయా లేదా చూసే ఎంటీటీ పరీక్ష ఉంటేనే నమ్ముత. కణాలు చచ్చినా నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతది, అది వాపు తగ్గుడు కాదు.

అమ్రాబాద్ గుట్ట: బిర్యానీలో రెండు రేకులకు ఏ అడ్డూ లేదు. కషాయం కోసమని మన గుట్టల బండలు మాత్రం గీకకండి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతది. వేర్లు లేవు, గాలిలోంచే తీసుకుంటది కాబట్టి రోడ్డు పక్క బండ మీదిదైతే సీసం కూడా పట్టి ఉండొచ్చు, కడిగినా పోదు.